మూలము చెప్పి వ్రాయుట

గ్రామ పెద్దలకు దస్తావేజు చదువుట ఒకరు నేర్పవలసిన పని కాదు. అర ఎకరము పల్లము కొనవలసివచ్చినను, ఊరి మొగదల నాలుగు సెంట్ల దొడ్డి కొనవలసివచ్చినను మీరు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "ఈ భూమి నీకెట్లు వచ్చినది?" పిత్రార్జితమా, స్వార్జితమా, దానముగా వచ్చినదా, కోర్టు డిక్రీవలన సంక్రమించినదా? అమ్మువాడు "మా తాతలనాటినుండి మాదేనండి" అని ప్రమాణము చేసినను మీరు రొక్కము మూట విప్పరు. ముందు దస్తావేజు చూపుమందురు. అది ఏ సబు రిజిస్ట్రారు కచ్చేరీలో, ఏ సంవత్సరమున, ఎన్నవ నంబరుగా రిజిస్టరయినదో క్రొత్త కాగితములో వ్రాయించుదురు. ఆ నంబరు చేతనున్నచో రేపు మీరు లేకపోయినను మీ కుమారుడు ఆ కచ్చేరీకి పోయి, నకలు తీయించి, నిజానిజములు తానే చూచుకొనగలడు. నంబరు లేనిచో అమ్మినవాని నోటిమాట తప్ప అతనికి వేరు దిక్కు లేదు.

కళాశాలలలో చదువుకొను మన పిల్లలు వ్రాయు వ్యాసములకును ఇదే మర్యాద కలదు. ఒక సంగతి వ్రాసినప్పుడు అది తమకు ఎక్కడనుండి వచ్చినదో చెప్పవలెను. ఎవరు వ్రాసిన గ్రంథము, ఏ యేట అచ్చయినది, ఎవరు ప్రకటించినది, ఎన్నవ పుటలో నున్నది — ఇవన్నియు చూపవలెను. దీనినే మూలము చెప్పుట యందురు. ఆధారము చూపుట యనియు అందురు.

ఈ మాట విద్యార్థులకు చెప్పక పెద్దలకు చెప్పుట ఏమని మీకు తోచవచ్చును. విద్యార్థులకు చెప్పువారు ఉన్నారు. 2006లో రాజమహేంద్రవరమున నెలకొన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము మొదలుకొని ప్రతి విద్యాలయములోను గురువులు చెప్పుచునే యున్నారు. అయినను పిల్లవాడు దీనిని మార్కులకొరకు పెట్టిన నియమమనుకొనును. వ్యాసమంతయు ముగించి, తుదకు నాలుగు పుస్తకముల పేర్లు ఎక్కడనుండియో తెచ్చి అంటించును. ఇంటిలో తాతగారు అరుగుమీద కూర్చుండి "ఇది నీకెక్కడిదిరా?" అని అడిగినచో దాని బరువు వేరు. పెద్దలకు చెప్పుటకు మరియొక కారణమును కలదు. దానిని తరువాత మనవి చేసెదను.

ఇది దొరలు తెచ్చిన పద్ధతియని కొందరనుట కలదు. పుట సంఖ్య వేయుట అచ్చుతో వచ్చినదనుట నిజమే. కాని విన్నమాటకు విన్నతావు చెప్పుట మనకు క్రొత్త కాదు. భారతము చదివించుకొన్నవారికి తెలియును: నైమిశారణ్యమున శౌనకాదులకు కథ చెప్పిన సూతుడు తాను కల్పించి చెప్పుచున్నాననలేదు. జనమేజయుని సర్పయాగమున వైశంపాయనుడు చెప్పగా వింటిననెను. వైశంపాయనునికి గురువు వ్యాసుడు. ఈ వరుస చెప్పినపిమ్మటగాని కథ సాగదు. ఆ భారతమును మన రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో తెనిగింప పూనిన నన్నయభట్టు, తనకు తోడ్పడిన నారాయణభట్టు పేరు గ్రంథారంభముననే చెప్పినాడు. చెప్పకపోయినను ఆనాడు అడుగువారు లేరు.

పేరు చెప్పుటవలన కలుగు లాభము ఎంతటిదో రెండు సంకలన గ్రంథములను చూచినచో తెలియును. పదునైదవ శతాబ్దమున మడికి సింగన యను కవి సకలనీతిసమ్మతమను గ్రంథము కూర్చెను. మడికి యను ఊరు ఆలమూరు చెంత నేటికిని కలదు. కవిగారు మాత్రము రామగిరియందు కందనమంత్రి ఆశ్రయమున నుండిరి. ఆయన నీతిపద్యములను పలు గ్రంథములనుండి ఏరి, ఏవి ఏ గ్రంథములోనివో పేర్లు వేసి మరీ కూర్చెను. అందు ముద్రామాత్యమను గ్రంథము పేరు కానవచ్చును. ఆ గ్రంథము నేడు మనకు లేదు. చెదలు తినెనో, వరదలో పోయెనో, ఎవరి అటుక మీద పొడియై పోయెనో. సింగన పేరు వేయకున్నచో ఆ పద్యములన్నియు సింగనవే యని మనమనుకొని యుందుము. ముద్రామాత్యమను గ్రంథమొకటి ఉండెనను మాట కూడ అతనితోనే పోయెడిది. మానవల్లి రామకృష్ణకవిగారు 1923లో దీనిని అచ్చువేయించిరి.

రెండవది పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరము. ఈయనయు పద్యముతోపాటు కవి పేరును గ్రంథము పేరును ఉంచెను. దాని వ్రాతప్రతి తంజావూరు సరస్వతీ మహలులో నుండగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూచి, మూలగ్రంథములు నశించిన కవుల పద్యములను అందుండి ఏరి, 1918లో ప్రబంధరత్నావళి యను పేర ప్రకటించిరి. ఎందరో కవులు మరల పేరుగలవారైరి. జగ్గన చేసిన పని ఎంత? పద్యము చెంత ఒక చిన్న పంక్తి. ఆ పంక్తి వ్రాయుటకు పట్టిన తాటియాకు బెత్తెడు కూడ ఉండదు.

దీనికి ఎదురుగా మన చాటుపద్యముల గతి చూడుడు. నోటనుండి నోటికి వచ్చినవి. ఎవరివో వ్రాసి పెట్టినవారు లేరు. కనుక భోగము చెప్పు పద్యమైనచో శ్రీనాథునికిని, చిలిపి పద్యమైనచో తెనాలి రామకృష్ణునికిని అంటగట్టి ఊరకున్నాము. పాపము, వ్రాసినవారెవరో!

మన జిల్లాలలో జరిగిన మహాకార్యమును కూడ తలచుకొనవలెను. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారి పోషణమున, జయంతి రామయ్యపంతులుగారు స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువును సిద్ధపరచిరి. మొదటి సంపుటము 1936లో వెలువడినది. మీ ఊరి గ్రంథాలయములో ఉన్నచో ఒకసారి తెరచి చూడుడు. ఒక మాట, దాని అర్థము, ఆ అర్థము చెల్లునని చూపుటకు ఒక కవి ప్రయోగము, ఆ ప్రయోగము చివర చిన్న అక్షరములలో గ్రంథము గుర్తు, పర్వమో కాండమో, ఆశ్వాసము, పద్యసంఖ్య. అర్థము నచ్చనివాడు ఆ సంఖ్యను పట్టుకొని భారతమో హరివంశమో తీసి, "పంతులుగారూ, ఇక్కడ మీరు చెప్పిన అర్థము పొసగదు" అని వాదింపవచ్చును. పండితులు తమ్ము తప్పుపట్టుటకు కావలసిన ఆయుధమును తామే చదువరి చేతికిచ్చిరన్నమాట. మూలము చెప్పుటలోని పెద్దరికము ఇదియేయని నా అభిప్రాయము. దొంగతనము కాదని నిరూపించుకొనుట చిన్న ప్రయోజనము. తరువాతివాడు వచ్చి సరిచూచుటకు దారి విడుచుట పెద్ద ప్రయోజనము.

ఇక ఎట్లు చెప్పవలెనను విషయము. కోనసీమ విద్యార్థి యొకడు "నందంపూడి శాసనమును నన్నయభట్టు రచించెను" అని వ్రాసినాడనుకొందము. నందంపూడి అంబాజీపేట చెంతనున్న ఊరు, రాజరాజనరేంద్రుడు దానిని నారాయణభట్టునకు అగ్రహారముగా ఇచ్చినట్లు చెప్పు రాగిరేకుల శాసనమది, 1053 నాటిది. విద్యార్థి వ్రాసిన వాక్యము సరియైనదే. అయినను ఎక్కడిదని అడుగుడు. అతడు మూడు విధముల జవాబు చెప్పవచ్చును. రేకులను స్వయముగా చూచి చదివితిననవచ్చును. అది మిక్కిలి అరుదు. ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటములో అచ్చయిన పాఠమును చూచితిననవచ్చును. లేదా, ఒక సాహిత్యచరిత్రలో ఆ మాట చదివితిననవచ్చును. ఈ మూడింటిలో ఏదియు దోషము కాదు. సాహిత్యచరిత్ర చూచి, శాసనము చూచినట్లు వ్రాయుటయే దోషము. ఈ తప్పు మన పిల్లలే కాదు, బిరుదులు గల పెద్దలును చేయుచున్నారు. ఒకరి గ్రంథములో అడుగున ఉదాహరించిన పేర్లన్నియు ఎత్తి తమ గ్రంథము అడుగున వేసికొందురు. అసలు దస్తావేజు చూడక ఈసీ కాగితము మాత్రమే చూచి "దస్తావేజు పరిశీలించితిని" అని సంతకము చేసిన ప్లీడరును మీరు క్షమింతురా? చూచినది సాహిత్యచరిత్రయైనచో, ఫలానావారి గ్రంథమున ఇన్నవ పుటలో ఈ శాసనము ఉదాహృతమని వ్రాసిన చాలును. అందు చిన్నతనమేమియు లేదు.

ఇతరుల మాటలను ఉన్నవి ఉన్నట్లు తీసికొన్నచో వానికి ఇరువైపుల గుర్తులు పెట్టి, పుట సంఖ్య వేయవలెను. తన మాటలలో చెప్పినను, ఊహ ఇతరునిదైనప్పుడు అతని పేరు చెప్పితీరవలెను. ఇక్కడనే పిల్లలు వాదమునకు దిగుదురు. "మాటలన్నియు మార్చితిని గదా, ఇంకను వారిదెట్లగును?" అందురు. పొరుగువాని ఎద్దు కొమ్ములకు రంగు వేసి మన కాడికి కట్టినంతమాత్రమున అది మన ఎద్దు కాదు.

అన్నింటికిని మూలము చెప్పనక్కరలేదు. గోదావరి సముద్రమున కలియుచున్నదనుటకు ఎవరి సాక్ష్యమును అక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినదనుట లోకవిదితము. కాని, ఆ పనికి ఎంత సొమ్మయినది, ఎందరు కూలివాండ్రు పనిచేసిరి, ఏ కాలువ ఏ యేట సాగినది — ఇట్టి సంగతులలోనికి దిగినప్పుడు "కాటన్ దొర కట్టించినాడు" అను గౌరవము ఒక్కటి చాలదు. హెన్రీ మోరిస్ దొర 1878లో ప్రకటించిన గోదావరి జిల్లా వర్ణనము కలదు. ఇంజనీరు జార్జి వాల్ష్ దొర 1896లో మద్రాసున అచ్చువేయించిన గోదావరి డెల్టా పనుల గ్రంథము కలదు. 1907 నాటి హెమింగ్వే దొరవారి గెజిటీరు కలదు. వీనిలో ఏది చూచినాడో, ఏ పుట చూచినాడో విద్యార్థి చెప్పవలెను. ఒకదానికొకటి అంకెలలో తేడా వచ్చినచో ఆ తేడాను దాచక చూపవలెను. అది వ్యాసమునకు లోపము కాదు, బలము.

ఊహను తెచ్చుకొని, దానిని దాచక చెప్పుటకు మనకు కందుకూరి వీరేశలింగము పంతులుగారే నిదర్శనము. రాజశేఖర చరిత్రము 1880లో గ్రంథరూపమున వచ్చినది. ఆంగ్లములో గోల్డ్‌స్మిత్తు వ్రాసిన వేక్‌ఫీల్డు గ్రామ పురోహితుని కథతో దానికి గల సంబంధమును పంతులుగారే తెలిపిరి. తెలిపినందున ఆయన కీర్తి తగ్గినదా? ఎంతవరకు తీసికొనిరి, ఎంతవరకు తాము కల్పించిరి అని నేటికిని చదివి పోల్చుకొనుచున్నాము.

పేర్లు వ్రాయు పద్ధతులు పలుతెరగులు. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సంఘమువారిది ఒకటి, చికాగో విశ్వవిద్యాలయమువారిది ఒకటి. కళాశాలవారు ఏది చెప్పిన అది పాటింపవచ్చును. ఒక వ్యాసమున ఒకే పద్ధతి నడిపిన చాలును. కాని తెలుగువారి పేర్లవద్ద ఒక చిక్కు కలదు. ఆ దేశములలో ఇంటిపేరు కడపట నుండును. మనకు మొదట నుండును. ఈ తేడా తెలియని విద్యార్థి వీరేశలింగమును ఇంటిపేరుగా చేసి, కందుకూరిని పొడి అక్షరమునకు దించును. రెండు పొడి అక్షరములును ఒకే పేరును గల వారు మన జిల్లాలో వందలమంది కలరు. కనుక తెలుగు గ్రంథకర్తల పేర్లు పూర్తిగా వ్రాయుట మేలు. సంవత్సరములతోను ఇట్టి చిక్కే. పాత గ్రంథముల మీద ప్రభవ, విభవ యని మాత్రమే యుండును. ప్రభవ 1927లోను వచ్చినది, 1987లోను వచ్చినది. శకవర్షమునకు 78 కలుపవలెనని పిల్లలకు తెలియును. ఫసలీకి 590 కలుపవలెనని మీకు తెలిసినంతగా వారికి తెలియదు. పాత గ్రామ లెక్కలు చూచి వ్యాసము వ్రాయువానికి ఆ ఒక్క సంగతి మీరు చెప్పినచో పెద్ద ఉపకారము.

అంతర్జాలములో చూచినదానికి చూచిన తేదీ కూడ వేయవలెను. ఆ పుటలు బోదెలోని నీటివంటివి. నిన్నటి నీరు నేడుండదు.

మూలము చెప్పనివారికి శిక్షయు ఏర్పడినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా మనమందరము యూజీసీ యనుచున్నవారు, 2018 జూలైలో గ్రంథచౌర్యమును అరికట్టుటకు నియమములు ప్రకటించిరి. సిద్ధాంతవ్యాసమును కంప్యూటరులో పెట్టి, ఇతర రచనలతో ఎంత పోలిక కలదో లెక్కింతురు. 10 శాతమువరకు శిక్ష లేదు. 10 మొదలు 40 వరకైనచో ఆరు నెలలకు మించని గడువులో సవరించి మరల సమర్పింపవలెను. 40 మొదలు 60 వరకైనచో ఒక సంవత్సరముపాటు సవరించిన ప్రతిని ఇచ్చుటకే వీలులేదు. 60 దాటినచో నమోదే రద్దగును. మూలము చెప్పి ఉదాహరించిన భాగము ఈ లెక్కలో చేరదు. ఈ యంత్రముపై నాకు భక్తి లేదు. అది మాటల పోలికను పట్టునేగాని ఊహల దొంగను పట్టదు. పోలిక రెండు శాతమేయని సంబరపడు వ్యాసములో మొదటినుండి చివరవరకు ఇతరుల యోచనయే యుండవచ్చును.

ఇప్పుడు అడిగినదానికెల్ల జవాబు వ్రాసి యిచ్చు కృత్రిమ మేధా యంత్రములు వచ్చినవి. అవి ఆధారములను కూడ వ్రాసి యిచ్చును. గ్రంథకర్త పేరు, సంవత్సరము, పుట, అన్నియు చక్కగా నుండును. వెదుకబోయినచో అట్టి గ్రంథము ఒక్కొక్కప్పుడు భూమిమీద ఉండదు. 2023లో న్యూయార్కు నగరమున ఇద్దరు న్యాయవాదులు ఒక విమాన సంస్థమీద వేసిన వ్యాజ్యమున, అట్టి యంత్రము చెప్పిన తీర్పులను సరిచూడక కోర్టుకు సమర్పించిరి. ఎదుటి పక్షమువారు వెదుకగా ఆ తీర్పులు ఎక్కడను లేవు. న్యాయాధిపతి 5,000 డాలర్లు జరిమానా విధించినాడు. లేని సర్వే నంబరుకు దస్తావేజు పుట్టించినట్లయినది.

ఇతరుల తప్పులు ఇంతవరకు చెప్పితిని. ఇక నాది చెప్పుకొనవలెను.

ముప్పది యేండ్ల క్రిందట డెల్టాలోని ఒక గ్రామమున గ్రంథాలయ ఉత్సవము జరిగినది. నేనప్పుడు కళాశాలలో ఉపన్యాసకుడను. ఉత్సవ సంచికకు ఊరి చరిత్ర వ్రాయుమని నన్ను కోరిరి. ఒక సాయంకాలము పోయి, అరుగుమీద కూర్చున్న వృద్ధులతో మాటలాడితిని. ఊరికి నీరు తెచ్చు కాలువ ఎప్పుడు త్రవ్విరని అడిగితిని. ఒక పెద్దాయన చెప్పెను. నేను విని, ఇంటికి వచ్చి, "ఈ కాలువ 1861లో త్రవ్వబడినది" అని వ్రాసితిని. ఆయన పేరు వ్రాయలేదు. ఎవరో చెప్పగా వింటినని కూడ వ్రాయలేదు. నిజము చెప్పవలెనన్న, ఆయన 1861 అననేలేదు. "మా తాత పుట్టిన యేడండి" అన్నాడు. వ్రేళ్ళమీద లెక్క కట్టి ఆ అంకె వేసినవాడను నేను. సంచికలో అంకె లేనిచో వెలితిగా నుండునని తోచినది.

2019లో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చినది. కౌలురైతు కుమార్తె. డెల్టా కాలువలమీద పరిశోధన చేయుచున్నది. తండ్రియు వెంట వచ్చినాడు. ఆమె ఆ కాలువకు 1861 అని వ్రాసి, నాలుగు ఆధారములు చూపినది: ఒక పాఠశాల సంచిక, ఒక పత్రిక ఆదివారపు వ్యాసము, ఒక చిన్న పుస్తకము, అంతర్జాలములోని ఒక పుట. పరీక్షకులు ఆ నాలుగింటికిని మూలమేదని అడిగిరట. ఆమె ఒక్కొక్కటి వెనుకకు త్రవ్వుకొనుచు పోగా నాలుగును నా సంచికవద్దకు వచ్చి ఆగినవి. నాలుగు కాలువలును ఒక్క తూమునుండియే పారినవి. ఆ తూము వెనుక చెరువు లేదు. పైగా, నేను వేసిన యేటికి మూడేండ్ల తరువాత అచ్చయిన ఒక ప్రభుత్వ నివేదిక ఆమెకు కనబడినది. అందులో ఆ కాలువ ఇక త్రవ్వవలసిన పనులలో చేరియున్నది.

తండ్రి చేతులు కట్టుకొని నిలుచుండి, "మాస్టారూ, ఆ మాట తమకెవరు చెప్పారండి? వారిని అడిగితే అమ్మాయి రాసుకుంటుందండి" అన్నాడు. ఆ పెద్దాయన అప్పటికి గతించి చాల యేండ్లయినది. పేరు నాకు జ్ఞాపకము రాలేదు. "తెలియదు" అంటిని. "ఆయ్, మరి పుస్తకంలో రాశారు గదండి" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజముగానే అతనికి అర్థము కాలేదు. పుస్తకములో వ్రాసినవాడు తెలియక వ్రాయునని అతడెన్నడు అనుకొనలేదు.

ఆ అధ్యాయమును ఆమె తిరిగి వ్రాయవలసివచ్చినది. ఆరు నెలలు పట్టినది. ఈలోగా ఆమెకు వచ్చుచుండిన వేతనము గడువు ముగిసినది. తండ్రి ఆ సార్వాలో అప్పు చేసినాడని తరువాత తెలిసినది.

పెద్దలకే ఈ మాట ఎందుకు చెప్పుచున్నానో ఇప్పుడు మనవి చేయవచ్చును. కరణీకములు 1984లో రద్దయినవి. గ్రామములోని పాత సంగతులకు కాగితము కొంతయే కలదు. తక్కినది మీ జ్ఞాపకము. విద్యార్థి పుస్తకము పట్టుకొని మీ అరుగుమీదికి వచ్చినప్పుడు గ్రంథము మీరే. మీరు చెప్పునది చూచినదా, విన్నదా, మీ ఊహయా — ఈ మూడింటిని విడివిడిగా చెప్పుడు. విన్నదైనచో ఎవరివలన, ఏ వయస్సున వింటిరో చెప్పుడు. "మా మేనమామ చెప్పగా పదేండ్ల వయస్సున వింటిని, ఆయన లాకులమీద పనిచేసెడివాడు" అన్న వాక్యము, ఉత్త అంకెకంటె వేయిరెట్లు విలువగలది. తెలియనప్పుడు తెలియదనుడు, అతిథిని రిక్తహస్తములతో పంపగూడదను మర్యాద ఇక్కడ చెల్లదు. అతడు మీ పేరు, ఊరు, మాటలాడిన తేదీ వ్రాసికొన్నాడో లేదో చూడుడు. వ్రాసికొననిచో ఆపి వ్రాయింపుడు. పేరు బయటపెట్టుట మీకిష్టము లేనిచో ఆ మాటయు ముందే చెప్పుడు. పేరు చెప్పక "ఈ గ్రామమున 80 యేండ్ల వయస్సుగల రైతు" అని వ్రాయు పద్ధతి కూడ కలదు. వ్రాసినది ఒకసారి చదివి వినిపించుకొనుడు. మీరు "తాత పుట్టిన యేడు" అన్నచోట అతడు అంకె వేసియున్నచో అక్కడనే కొట్టివేయింపుడు.

ఆ అమ్మాయి వ్యాసము ఆమోదింపబడినది. ఒక ప్రతి నాకు పంపినది. ఆ కాలువ చెప్పిన పుట తీసి చూచితిని. కాలువ త్రవ్విన సంవత్సరము అక్కడ లేదు. నివేదికలో నున్న మాట మాత్రము కలదు, దాని పుట సంఖ్యతో. అడుగున చిన్న అక్షరములలో మరియొక వాక్యమున్నది: 1861 అను సంవత్సరము ఒక గ్రామ సంచికలో మొదట కనబడుచున్నదనియు, సంచికా రచయితను ఫలానా తేదీన కలిసి అడుగగా తనకు ఆధారము లేదని చెప్పెననియు. నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, సరిగానే వ్రాసినది.